పుట్టినవాళ్ళు, నిలిచినవాళ్ళు

షేకర్లు అనే క్రైస్తవ శాఖ 1774లో ఇంగ్లండు నుంచి అమెరికా చేరింది. వారికి బ్రహ్మచర్యం నియమం. ఆడా మగా ఒకే ఇంట్లో ఉన్నా మెట్లు వేరు, గుమ్మాలు వేరు. పిల్లలు పుట్టరు కాబట్టి కొత్తగా వచ్చి చేరేవారు, తెచ్చి పెంచుకునే అనాథలే వారికి దిక్కు. 19వ శతాబ్దం మధ్యకల్లా కొన్ని వేలమంది అయ్యారు. తర్వాత చేరేవారు తగ్గారు. పెంచిన పిల్లల్లో చాలామంది పెద్దయ్యాక బయటికి నడిచారు. ఇవాళ మెయిన్ రాష్ట్రంలోని ఒకే ఒక్క గ్రామంలో మిగిలినవారిని ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టవచ్చు.

అదే ఖండంలో, అదే బైబిలు చదివే హటరైట్లు అనే మరో క్రైస్తవ శాఖవారు 1880లో 443 మంది. 1950 నాటికి 8,542 మంది. అంటే ఏటా 4.2 శాతం పెరుగుదల. 70ని వృద్ధిరేటుతో భాగిస్తే జనాభా ఎన్నేళ్ళకు రెట్టింపవుతుందో తెలుస్తుంది. ఇక్కడ సుమారు 17 ఏళ్ళు. గర్భనిరోధం వారిలో నిషిద్ధం. ఆస్తి కాలనీ అంతటికీ ఉమ్మడిది కనుక ఇంకో బిడ్డ పుడితే ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద విడిగా పడదు. ఒక్కో తల్లికి సగటున పదిమందికి పైగా పిల్లలు. కుటుంబ నియంత్రణ లేని చోట ఎంతమంది పుట్టగలరో చెప్పాల్సి వచ్చినప్పుడు జనాభా శాస్త్రవేత్తలు ఇప్పటికీ వీరి అంకెలనే కొలబద్దగా వాడతారు. ఆ హటరైట్లలోనూ తర్వాతి తరాల్లో పెళ్ళి వయసు పెరిగింది, కాన్పులు సగానికి పైగా తగ్గాయి.

కాబట్టి ఫలానా మతం వారికి పిల్లలెక్కువ అనే మాట వినగానే ఏ దేశంలో, ఏ శాఖలో, ఏ దశాబ్దంలో అని అడగాలి.

ఒక మతం జనాభా మారేది నాలుగు దారుల్లోనే: జననాలు, మరణాలు, వలసలు, మతంలోకి రాకపోకలు. దేశ జనాభా లెక్కలో ఈ నాలుగోది ఉండదు. చాలామంది తప్పు చేసేదీ దీన్ని మరిచిపోయే.

ముందు జననాల సంగతి. వెయ్యిమంది జనాభాకు ఎంతమంది పుట్టారన్న జననరేటుతో మతాలను పోల్చకూడదు. పెళ్ళీడు వాళ్ళు ఎక్కువగా ఉన్న సమూహంలో తలా ఇద్దరినే కన్నా ఆ రేటు పెద్దదిగానే కనిపిస్తుంది. పోల్చాల్సింది సంతానోత్పత్తి రేటును. లెక్క కష్టమేమీ కాదు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను ఐదేళ్ళకొక జట్టుగా ఏడు జట్లు చేస్తారు. ఒక్కో జట్టులో వెయ్యిమందికి ఆ ఏడాది ఎన్ని కాన్పులో చూస్తారు. ఉదాహరణకు 40, 150, 140, 70, 25, 8, 2 వచ్చాయనుకోండి. కూడితే 435. ప్రతి స్త్రీ ఒక్కో జట్టులో ఐదేళ్ళు గడుపుతుంది కనుక 5తో హెచ్చిస్తే 2,175. వెయ్యితో భాగిస్తే 2.18. ఒక స్త్రీ జీవితకాలంలో కనే పిల్లల సగటు అంచనా ఇది. 2.1 ఉంటే ఒక తరం స్థానాన్ని మరో తరం భర్తీ చేస్తుంది. ఆ 0.1 ఎందుకంటే, వందమంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, పుట్టిన ఆడపిల్లల్లో కొందరు తల్లయ్యే ఈడు దాకా బతకరు. మరణాలు ఎక్కువున్న సమాజానికి 2.1 చాలదు.

ఈ రేటును పెంచేది మతబోధ ఒక్కటే అయితే ఇరాన్ కథ నడిచేది కాదు. 1980ల మొదట్లో అక్కడ ఒక్కో స్త్రీకి ఆరుగురికి పైగా పిల్లలు. 1989లో ఇస్లామిక్ ప్రభుత్వమే కుటుంబ నియంత్రణను మళ్ళీ మొదలుపెట్టింది. మతపెద్దలు తప్పులేదన్నారు. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో గర్భనిరోధకాలు ఉచితంగా ఇచ్చారు. పెళ్ళికి ముందు దంపతులకు తరగతులు పెట్టారు. అదే సమయంలో ఆడపిల్లల చదువు, పసిపిల్లల ప్రాణరక్షణ రెండూ పెరిగాయి. 2000 నాటికి రేటు సుమారు 2కు వచ్చేసింది. చైనాలోలాగా ఒక్కరే చాలన్న చట్టం పెట్టకుండానే. ఇప్పుడు ఆ ప్రభుత్వమే పిల్లల్ని కనమంటోంది, 2021లో చట్టమూ చేసింది. రేటు మాత్రం 2 కిందే ఉంది. కేథలిక్కుల కథా ఇంతే. 1968లో పోప్ కృత్రిమ గర్భనిరోధం కూడదని మళ్ళీ ప్రకటించారు. అయినా ఇటలీ, స్పెయిన్‌లలో రేటు 1.3 కంటే కిందికి పడిపోయింది.

భారతదేశ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో 1992-93లో ముస్లింల రేటు 4.4, హిందువులది 3.3. 2019-21 నాటికి అవి 2.36, 1.94. ఇద్దరిదీ తగ్గింది, తేడా అంతకంటే వేగంగా తగ్గింది. ఇదే చివరి సర్వేలో బిహార్ హిందువుల రేటు 2.88, కేరళ ముస్లింలది 2.25. ఊళ్ళో బడి, ఆసుపత్రి ఎలా ఉన్నాయన్నది ఈ వరసను తిరగేసింది. ఒకే రాష్ట్రంలో చూస్తే మాత్రం రెండు మతాల మధ్య తేడా ఇంకా ఉంది. మతం అసలు లెక్కే కాదనడమూ తప్పే.

ఇక రాకపోకలు. ఇక్కడ కూడిక పనికిరాదు, గుణకారం కావాలి. తల్లికి ఆరుగురు పుట్టి, వారిలో 60 శాతమే అదే మతంలో మిగిలితే నికరం 3.6. ఇద్దరున్నర పుట్టి 90 శాతం మిగిలితే 2.25. 2.1 మంది పుట్టి 70 శాతమే మిగిలితే 1.47, అంటే బయటివారెవరూ చేరకపోతే తరానికి సుమారు 30 శాతం తరుగు. అమెరికాలోని మరో క్రైస్తవ శాఖవారైన ఆమిష్‌లు 1900 ప్రాంతంలో ఐదారు వేలమంది. 2020 నాటికి 3.4 లక్షలు దాటారు. ఆరేడుగురు పిల్లలు ఉండటం సగం కారణమే. పిల్లల్లో సుమారు 85 శాతం పెద్దయ్యాక తమంతట తాము బాప్తిస్మం తీసుకుని అక్కడే నిలిచిపోవడం మిగతా సగం.

అమెరికాలోని పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కల్లో 2010-20 మధ్య ఏ మతానికీ చెందమనేవారి వాటా ప్రపంచంలో పెరిగింది. వీరిలో జననాలు తక్కువ, వయసు ఎక్కువ, తరగాల్సిన సమూహం నిజానికి. క్రైస్తవంలో పెరిగి దాన్ని వదిలేసినవారు ఆ లోటు పూడ్చారు. బౌద్ధులకు అలా పూడ్చేవారు లేరు. పెద్ద మతాల్లో వారి సంఖ్య ఒక్కటే తగ్గింది.

వయసు సంగతి విడిగా చెప్పాలి. 2010లో ప్రపంచ ముస్లింల మధ్యగత వయసు, అంటే సగంమంది అంతకంటే చిన్న, సగంమంది పెద్ద అయ్యే వయసు, 23. బౌద్ధులది 34. ఇద్దరి రేటూ ఆ క్షణానే 2.1 అయినా మొదటి సమూహం దశాబ్దాలపాటు పెరుగుతూనే ఉంటుంది, తల్లులు కాబోయే ఆడపిల్లలు అప్పటికే పుట్టేశారు కాబట్టి. బ్రేకు వేసినా బండి కొంతదూరం వెళ్ళినట్టే.

నమ్మకం సూటిగా జననాలను మార్చిన సందర్భాలూ ఉన్నాయి. జపాన్‌లో అరవై ఏళ్ళకోసారి వచ్చే ‘అగ్ని అశ్వ’ సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల మొగుడికి చేటు అని పాత నమ్మకం. 1965లో అక్కడ 18.2 లక్షల జననాలు. అగ్ని అశ్వం వచ్చిన 1966లో 13.6 లక్షలు. 1967లో 19.4 లక్షలు. అంతకుముందు అదే సంవత్సరం 1906లో వచ్చినప్పుడు తగ్గుదల చాలా చిన్నది. అప్పట్లో కాన్పును ఆపే సాధనం చేతిలో లేదు, కొందరు బిడ్డ పుట్టిన తేదీనే ముందుకో వెనక్కో రాయించారు. నమ్మకం అదే, 1966కల్లా గర్భనిరోధం, గర్భస్రావం అందుబాటులోకి వచ్చాయి.

పార్సీలది ఆమిష్‌లకు వ్యతిరేక దిశ. భారతదేశంలో 1941లో 1.14 లక్షలకు పైగా ఉన్నవారు 2011 నాటికి 57,264. ఆలస్యంగా పెళ్ళిళ్ళు, అసలు చేసుకోనివారు చాలామంది. బయట పెళ్ళాడిన స్త్రీ పిల్లలను సంప్రదాయవాదులు లోపలికి రానివ్వరు. మన గుణకారంలో రెండు అంకెలూ ఒకేసారి చిక్కిపోయాయన్నమాట.

ఇంత లెక్కా నిలిచేది జనగణనలో అడిగే ఒక ప్రశ్న మీద. “మీ మతం ఏమిటి?” అంటే పేరుకైనా ఏదో ఒకటి చెబుతారు, “మీరు ఏదైనా మతాన్ని పాటిస్తారా?” అంటే లేదనేవారు పెరుగుతారు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2001లో మత ప్రశ్నకు జవాబు ఐచ్ఛికం చేస్తే 3.9 లక్షలమంది ‘స్టార్ వార్స్’ సినిమాలోని కల్పిత యోధుల పేరు ‘జెడై’ అని రాశారు. ఫ్రాన్స్ జనగణనలో ఆ ప్రశ్నే లేదు. లెబనాన్‌లో అయితే పార్లమెంటు సీట్లు, పెద్ద పదవులు మతశాఖల వారీగా పంచుతారు. ఎవరు ఎంతమందో తేలితే వాటాలు మళ్ళీ తేల్చాలి. అక్కడ చివరిసారి జనాన్ని లెక్కపెట్టింది 1932లో.