యూఎక్స్‌లో భావోద్వేగాలను కొలిచే ల్యాబ్: అపోహలు - వాస్తవాలు

యూజర్ ఎక్స్‌పీరియన్స్‌లో (యూఎక్స్), అంటే యాప్‌నో వెబ్‌సైట్‌నో వాడేటప్పుడు మనిషికి కలిగే అనుభవంలో, భావోద్వేగాల మీద పరిశోధన చేయడానికి యూనివర్సిటీలో ల్యాబ్ పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏ పరికరాలు కొనాలి? గ్రాంటు వచ్చింది, గడువులోగా ఖర్చు పెట్టాలి, కాబట్టి ఆ తొందర నాకు అర్థమవుతుంది. కానీ పరికరం చెప్పేది సగమే. శరీరంలో ఏదో మార్పు వచ్చిందని అది చూపిస్తుంది. ఆ మార్పుకు అర్థమేమిటో మనిషిని అడిగితేనే తెలుస్తుంది. ఈ రెండూ ఒకచోట కలిసేలా ల్యాబ్‌ను కట్టుకోవాలి. నేను వినే అపోహల్లో చాలావరకు రెండో సగాన్ని వదిలేయడం వల్ల పుట్టినవే.

అపోహ: మంచి సెన్సర్ ఉంటే యూజర్‌కు ఏ భావం కలిగిందో అదే చెప్పేస్తుంది.

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇలాంటి ల్యాబుల్లో ఎక్కువగా వాడేది స్కిన్ కండక్టెన్స్ సెన్సర్. వేళ్లకో అరచేతికో ఎలక్ట్రోడ్లు పెట్టి, చెమట గ్రంథుల చురుకుదనం వల్ల చర్మం విద్యుత్‌ను ఎంత బాగా ప్రవహించనిస్తుందో కొలుస్తారు. ఆ గ్రంథులను నడిపేది సింపథటిక్ నాడీ వ్యవస్థ, అంటే మన ప్రమేయం లేకుండానే శరీరాన్ని అప్రమత్తం చేసే నాడులు. కాబట్టి సెన్సర్ గీసే గ్రాఫ్‌లో గీత పైకి లేస్తే మనిషిలో ఉత్తేజం పెరిగిందని అర్థం. ఆ ఉత్తేజం ఆనందమా, చిరాకా అన్నది మాత్రం గీతలో ఉండదు. పేమెంట్ ఫెయిలైనా లేస్తుంది, ఎదురుచూస్తున్న ఫలితం తెర మీద కనిపించినా లేస్తుంది.

పైగా ఈ స్పందన సంఘటన జరిగిన 1 నుంచి 3 సెకన్ల తర్వాత మొదలవుతుంది. ఈలోగా యూజర్ తర్వాతి పేజీకి వెళ్లిపోయి ఉంటే, మొదటి పేజీ పెట్టిన టెన్షన్‌ను మనం రెండో పేజీ ఖాతాలో వేస్తాం. గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా, చేయి కదిపినా గీత లేస్తుంది. అందుకే యూజబిలిటీ పరీక్షల్లో అలవాటైన థింక్ అలౌడ్ పద్ధతిని, అంటే పని చేస్తూనే మనసులో అనుకునేవి పైకి చెప్పించడాన్ని, ఈ సెన్సర్‌తో కలపకూడదు. మాట్లాడటమే సిగ్నల్‌ను మార్చేస్తుంది. ఇంకో సంగతి, కొందరి చేతుల్లో స్పందన దాదాపు కనిపించదు. వాళ్ల డేటాను ఏం చేయాలో ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోవాలి. ఫలితాలు చూశాక నిర్ణయిస్తే మనకు నచ్చినట్టే నిర్ణయిస్తాం.

ఇష్టం, అయిష్టం తెలుసుకోవాలంటే ముఖ కండరాల ఈఎంజీ, అంటే కండరాల్లోని విద్యుత్ సంకేతాలను కొలవడం, కొంత సాయపడుతుంది. కనుబొమ్మలను ముడిచే కండరం అయిష్టంతోనూ, పెదవి చివరలను పైకి లాగే కండరం ఇష్టంతోనూ చురుకవుతాయి. కాకపోతే ముఖం మీద ఎలక్ట్రోడ్లు అతికించుకుని కూర్చున్న మనిషి ఇంట్లో ఫోన్ చూసుకునే మనిషిలా ఉండడు. గుండె సంగతీ అంతే. హార్ట్ రేట్ వేరియబిలిటీని, అంటే గుండె చప్పుళ్ల మధ్య వ్యవధిలో వచ్చే తేడాలను, పోల్చి చూడాలంటే 1996 నాటి ప్రమాణాల ప్రకారం 5 నిమిషాల రికార్డింగ్ కావాలి. అరనిమిషంలో నింపేసే ఫారానికి అది సరిపడే కొలత కాదు.

అపోహ: ముఖం చూసి సాఫ్ట్‌వేరే కోపం, ఆనందం పట్టేస్తుంది.

1978లో మనస్తత్వవేత్తలు ఎక్‌మన్, ఫ్రీసన్ తెచ్చిన ఫేషియల్ యాక్షన్ కోడింగ్ సిస్టమ్ నమోదు చేసేది కండరాల కదలికలను. ఏ కదలిక ఏ భావమన్నది ఆ తర్వాత మనం జోడించే ఊహ. మనస్తత్వవేత్త లీసా ఫెల్డ్‌మన్ బ్యారెట్ బృందం 2019లో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలను విస్తృతంగా సమీక్షించి, ముఖకవళికలను బట్టి భావాన్ని నమ్మకంగా చెప్పలేమని తేల్చింది. తెర ముందు ఒంటరిగా కూర్చున్న మనిషి ముఖం చాలాసేపు కదలకుండానే ఉంటుంది. శ్రద్ధగా చదువుతుంటే కనుబొమ్మలు ముడిపడతాయి, సాఫ్ట్‌వేర్ దాన్ని కోపమంటుంది. విసుగొచ్చినప్పుడు నవ్వేవాళ్లూ ఉంటారు.

2022లో మైక్రోసాఫ్ట్ ముఖాలను విశ్లేషించే తన ఫేస్ సర్వీసు నుంచి భావాలను ఊహించే సదుపాయాన్ని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం విద్యాసంస్థల్లో, పనిచేసే చోట్ల ఇలా భావాలను ఊహించే ఏఐని వైద్య, భద్రతా కారణాలకు తప్ప 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. పరిశోధన వేరే సంగతే అయినా, ఎథిక్స్ కమిటీ వీటి గురించి అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

అపోహ: శరీరం అబద్ధం చెప్పదు, యూజర్లు నింపే ప్రశ్నాపత్రాలను నమ్మలేం.

ప్రశ్నాపత్రాన్ని తక్కువగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది. 1994లో బ్రాడ్లీ, లాంగ్ ప్రచురించిన సెల్ఫ్ అసెస్‌మెంట్ మానికిన్‌నే తీసుకోండి. మూడు వరుసల బొమ్మలు: ఒకటి నచ్చడం-నచ్చకపోవడం, ఒకటి ఉత్తేజం, ఒకటి పరిస్థితి తన చేతిలో ఉందన్న భావన. అర నిమిషం కూడా పట్టదు, చదువు అడ్డు రాదు. సెన్సర్ ఇవ్వలేని ఇష్టాయిష్టాల సమాచారం ఇక్కడ నేరుగా దొరుకుతుంది.

ఎప్పుడు అడుగుతామన్నదే అసలు సమస్య. 1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుంచుకోవాలి. 14 డిగ్రీల చల్లటి నీటిలో 60 సెకన్లు చేయి పెట్టడం ఒక విడత. ఇంకో విడతలో అదే 60 సెకన్ల తర్వాత మరో 30 సెకన్లు, నీటిని మెల్లగా 15 డిగ్రీలకు తెస్తూ. ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. మొత్తం బాధ ఎక్కువైనా, ముగింపు కాస్త నయంగా ఉంది. యాప్ విషయంలోనూ సెషన్ చివర తీసుకున్న స్కోరు ఆ గంటంతటికీ సగటు కాదు. అందుకని ప్రతి టాస్క్ తర్వాత అడగాలి, చివర్లో మళ్లీ అడగాలి, రెంటినీ వేర్వేరుగా రిపోర్టు చేయాలి.

ఆ తర్వాత నేను తప్పనిసరిగా చేయమనేది ఒకటుంది. స్కిన్ కండక్టెన్స్ గీత లేచిన చోట్ల స్క్రీన్ రికార్డింగ్‌ను యూజర్‌కే చూపించి, 'ఇక్కడ ఏం జరిగింది?' అని అడగండి. 'ఎందుకు అలా అనిపించింది?' అని అడగొద్దు. మనుషులు తమ ప్రవర్తనకు చెప్పే కారణాలు తరచూ అప్పటికప్పుడు అల్లుకున్నవేనని మనస్తత్వవేత్తలు నిస్బెట్, విల్సన్ 1977లోనే చూపించారు. కారణం వెతకడం మన పని.

అపోహ: ఐదుగురితో చేస్తే చాలు.

యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన ఐదుగురు ఇంటర్‌ఫేస్‌లో లోపాలు కనిపెట్టడానికి. రెండు డిజైన్లు కలిగించే భావాలను పోల్చడానికి ఆ లెక్క పనికిరాదు. మనిషికీ మనిషికీ శరీర స్పందనలో తేడా చాలా ఎక్కువ. ఒకే వ్యక్తి చేత రెండు డిజైన్లూ వాడించండి, క్రమం మారుస్తూ ఉండండి. ఎంతమంది కావాలో పవర్ అనాలిసిస్‌తో, అంటే తేడా నిజంగా ఉంటే అది బయటపడటానికి ఎందరు అవసరమో చెప్పే గణాంక లెక్కతో, ముందే తేల్చుకోండి.

అపోహ: చూపు ఎటు వెళ్తోందో గమనించే ఐ ట్రాకర్ ఉందిగా, కంటిపాపే చెప్పేస్తుంది.

కంటిపాప ఉత్తేజానికి పెద్దదవుతుంది, నిజమే. కానీ వెలుతురుకు అది చూపే స్పందన అంతకంటే చాలా పెద్దది. తెల్లటి పేజీ నుంచి నల్లటి పేజీకి మారితే చాలు, అది పెద్దదైపోతుంది. రెండు డిజైన్ల వెలుగు సమానంగా లేకపోతే ఆ లెక్కల జోలికి వెళ్లొద్దు.

అపోహ: ముందు పరికరాలు రానివ్వండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

రెండు పరికరాలను ఒకేసారి ఆన్ చేసినా వాటి గడియారాలు క్రమంగా వేరుపడతాయి. కాసేపటికి గీతలోని ఏ మలుపు తెర మీది ఏ క్షణానిదో చెప్పలేం. అందుకే మొదటి సెన్సర్ కంటే ముందు టైమ్ సింక్, అంటే అన్ని పరికరాల సమయాన్ని ఒకటిగా కలిపే ఏర్పాటు, సిద్ధం కావాలి. దీనికి ల్యాబ్ స్ట్రీమింగ్ లేయర్, ప్రయోగం నడపడానికి సైకోపై అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రెండూ ఉచితమే.

బడ్జెట్‌లో మరిచిపోయేవి ఎలక్ట్రోడ్లు, జెల్, ఏటా కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు. వీటన్నిటికంటే ముఖ్యం ఒక పూర్తికాలపు ల్యాబ్ మేనేజర్. విద్యార్థులు డిగ్రీ పూర్తయ్యాక వెళ్లిపోతారు, ఎలక్ట్రోడ్ సరిగ్గా పెట్టే నేర్పు కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. గది ఆర్భాటంగా ఉండక్కర్లేదు. ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి, పరిశోధకుడు యూజర్ వెనక నిలబడకుండా పక్క గది నుంచి చూడాలి. ఎలక్ట్రోడ్లు పెట్టాక ఓ పది నిమిషాలు మనిషిని కుదురుకోనివ్వాలి. కావాలని చిరాకు కలిగించే ప్రయోగమైతే, మధ్యలో లేచి వెళ్లే హక్కు నిజంగా ఉందని మాటలోనూ తీరులోనూ కనిపించాలి.

మొదటి సెమిస్టర్‌లో స్కిన్ కండక్టెన్స్, స్క్రీన్ రికార్డింగ్, బొమ్మల ప్రశ్నాపత్రం మాత్రమే పెట్టుకోండి. తేలికైన టాస్క్‌లో మీరే ఒకచోట ఎనిమిది సెకన్ల ఆలస్యం పెట్టండి. ఆ ఆలస్యం మీ డేటాలో సరైన చోట కనిపించే వరకు అసలు అధ్యయనానికి మనుషులను పిలవొద్దు.