స్కీమా మైగ్రేషన్లు: అపోహలు - వాస్తవాలు

స్కీమా మైగ్రేషన్ అంటే డేటాబేస్ టేబుళ్ల ఆకారాన్ని (కాలమ్‌లు, వాటి పేర్లు) మార్చే ఫైల్. అనంతపురంలో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీలకు పనిచేసే పిల్లలున్నారు. కర్నూలు, ఆదోని మార్కెట్ల వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీములున్నాయి. వీళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఒకటే: "అన్నా, మైగ్రేషన్ తప్పయింది. రోల్‌బ్యాక్ కూడా కొట్టినా. డేటా మాత్రం రాలేదు."

అపోహ: డౌన్ మైగ్రేషన్ (చేసిన మార్పును వెనక్కి తిప్పే భాగం, రోల్‌బ్యాక్ నడిపేది దీన్నే) ఉంటే ఏం జరిగినా వెనక్కి రావచ్చు.

వాస్తవం: వెనక్కి వచ్చేది టేబుల్ ఆకారం మాత్రమే. డ్రాప్ చేసిన కాలమ్‌ను డౌన్ మైగ్రేషన్ మళ్లీ తయారుచేస్తుంది. అందులో ఉన్న విలువలు ఆ ఫైల్లో ఎక్కడా లేవు, మరి ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కర్నూలులో ఒక ఉల్లిగడ్డల మండీకి సాఫ్ట్‌వేర్ చేసిన తమ్ముడొకడు, జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) 'హమాలీ' ఫీల్డ్‌కు, అంటే కాలమ్‌కు, పేరు మార్చాడు. మైగ్రేషన్ ఫైల్ రాసిపెట్టే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ నడిపితే "పేరు మార్చావా?" అని అడుగుతుంది. చదవకుండా ఎంటర్ కొడితే 'కాదు' అన్నట్టే లెక్క. పాత కాలమ్ తీసేసి కొత్తది చేర్చమని ఫైల్ రాసేస్తుంది. ఆ ఫైల్ ఎవరూ తెరిచి చూడలేదు, నేరుగా ప్రొడక్షన్‌కు (వ్యాపారి రోజూ వాడే అసలు సిస్టమ్‌కు) పోయింది. గాబరాలో వెనక్కి నడిపాడు. కాలమ్ వచ్చింది. డిఫాల్ట్ సున్నా కాబట్టి ప్రతి బిల్లులోనూ హమాలీ సున్నా! నల్ (ఖాళీ) ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, సున్నా నిజం లెక్కలాగే కనిపిస్తుంది. ముందురోజు రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి బయటపడ్డారు. ఆ రోజు బిల్లులు మాత్రం గుమాస్తా కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. "రోల్‌బ్యాక్ ఉంది, ఏం కాదులే" అని వాడికి నేర్పిన సీనియర్ల మీదే ఉంది.

"పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆల్టర్ టేబుల్ (టేబుల్‌ను మార్చే ఆదేశం) కూడా ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) నడుస్తుంది కదా" అంటారు. నిజమే, మధ్యలో ఫెయిలైతే అంతా రద్దవుతుంది. కానీ కమిట్ అయ్యాక, అంటే మార్పు ఖాయమయ్యాక, ఆ రక్షణ లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అదీ లేదు, ప్రతి ఆల్టర్ తనంతట తానే కమిట్ అయిపోతుంది. మూడు ఆల్టర్లలో రెండోది ఫెయిలైతే మొదటిది అలాగే ఉండిపోతుంది.

అందుకే పేరు మార్పును ఒక్క డిప్లాయ్‌లో (కొత్త కోడ్ ఒక్కసారి ఎక్కించడంలో) చేయొద్దు. ముందు కొత్త కాలమ్ చేర్చండి. కోడ్ రెండింటిలోనూ రాయాలి. పాత వరుసలను కొన్ని కొన్నిగా కాపీ చేసి, ఆ తర్వాత చదవడం కొత్తదాని నుంచి మొదలుపెట్టండి. పాత కాలమ్‌ను కొన్నాళ్లు అలాగే ఉంచి, ఎవరూ వాడట్లేదని తేలాకే డ్రాప్ చేయండి.

ఇప్పటికే పోగొట్టుకుని టెన్షన్‌లో ఉన్నారా? ఇంకో మైగ్రేషన్ నడపకండి. అప్లికేషన్ ఆపండి. బ్యాకప్‌ను వేరే డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి, పోయిన కాలమ్ ఒక్కటే ఐడీలతో సరిపోల్చి తెచ్చుకోండి. ప్రొడక్షన్ మీదే రీస్టోర్ చేస్తే బ్యాకప్ తర్వాత పడిన బిల్లులు కూడా పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగ్ (ప్రతి మార్పునూ రాసిపెట్టుకునే లాగ్) ఆన్‌లో ఉంటే ఆ మధ్య మార్పులు కూడా దొరకొచ్చు.

మిగతావి త్వరగా చెప్తాను.

"పాత మైగ్రేషన్ ఫైల్లోనే దిద్దేద్దాం." వద్దు. మైగ్రేషన్లు నడిపే ఫ్లైవే టూల్ ప్రతి ఫైల్ చెక్‌సమ్‌ను (ఫైల్ మారిందో లేదో పట్టించే సంఖ్యను) దాచుకుంటుంది, మారిస్తే వ్యాలిడేషన్‌లోనే ఆగిపోతుంది. దిద్దుబాటుకు కొత్త ఫైల్ రాయాలి.

"హైబర్నేట్‌లో (జావా లైబ్రరీ) స్కీమాకు ఆటో అప్‌డేట్ పెడితే అదే చూసుకుంటుంది." కొత్త కాలమ్ చేరుస్తుంది, పేరు మార్పు దానికి తెలియదు. ప్రొడక్షన్‌లో వాడొద్దు.

"నా ల్యాప్‌టాప్‌లో ఒక్క సెకనులో అయిపోయింది." ల్యాప్‌టాప్‌లో వందమంది బిల్లులు కొట్టట్లేదు. పోస్ట్‌గ్రెస్‌లో చాలా ఆల్టర్లు టేబుల్ మొత్తానికీ లాక్ (ఇంకెవరూ ముట్టకుండా తాళం) అడుగుతాయి. ముందు ఒక పెద్ద రిపోర్ట్ క్వెరీ నడుస్తుంటే ఆల్టర్ ఆగుతుంది, దాని వెనక వచ్చినవన్నీ ఆగుతాయి. మైగ్రేషన్ మొదట్లో లాక్ టైమౌట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలో) కొన్ని సెకన్లకు పెట్టండి. లాక్ దొరక్కపోతే అదే విరమించుకుంటుంది, కాసేపాగి మళ్లీ నడపొచ్చు.