తిన్నాక షుగర్ పెరిగితే భయమెందుకు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న భోజనమైన గంటకు నా మీటర్‌లో 168 చూసి మీరిద్దరూ కంగారుపడ్డారు. అమ్మ ఏదో సర్దిచెప్పింది గానీ, మీకు అసలు సంగతి తెలియాలి.

తిన్నాక షుగర్ అందరికీ పెరుగుతుంది, మీకు కూడా. తిన్న పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. అది పసిగట్టి క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. దాని సాయంతో కండరాలు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి, కాలేయం కొంత దాచిపెట్టి, మనం నిద్రపోతున్నప్పుడు కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఒకటుంది. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం. పరగడుపున అందులో తిరిగే గ్లూకోజ్ అంతా కలిపితే ఒక్క చిన్న చెంచాడు, దాదాపు 5 గ్రాములు. ఒక పూట భోజనంతో దానికి పది రెట్లకు పైగా లోపలికి రావచ్చు. అయినా డయాబెటిస్ లేనివాళ్లకు రెండు గంటలకల్లా మామూలుగా 140 లోపుకి దిగిపోతుంది! ఆ రెండు గంటలు లెక్కపెట్టేది చేయి కడుక్కున్నాక కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి.

నాకు ఇన్సులిన్ సరిగా పనిచేయదు కాబట్టి ఎక్కువ పెరిగి, నిదానంగా దిగుతుంది. గంటకు 168 అంటే నాలాంటివాడికి ఫర్వాలేదు. భోజనం కాగానే నేను నడవడానికి బయల్దేరేది కూడా ఇందుకే: కదిలే కండరాలు ఇన్సులిన్ చాలకపోయినా గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. పండు కొరికి తింటాను గానీ రసం తాగను. పండులో పీచు ఉంటుంది కాబట్టి చక్కెర మెల్లగా రక్తంలోకి చేరుతుంది, రసమైతే గబగబా ఎక్కేస్తుంది.

డయాబెటిస్ పిల్లలకూ వస్తుంది. 1922లో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకున్న లెనార్డ్ థాంప్సన్ అప్పటికి ఇంకా పిల్లవాడే. మీ క్లాసులో అలాంటి స్నేహితులుంటే, స్వీట్లు ఎక్కువ తిన్నందుకే వచ్చిందని ఎవరైనా అంటే ఊరుకోకండి, అది నిజం కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఒక్కోసారి షుగర్ 70 కంటే దిగిపోయి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. అప్పుడు మాత్రం పళ్లరసమో చక్కెరో వెంటనే ఇచ్చి టీచర్‌ను పిలవండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పెద్దవాళ్ల కోసం పరుగెత్తండి.

మీ తాతయ్య