అంచు మొత్తం చూడాలంటే ఎటు కోయాలి?

"చర్మ క్యాన్సర్ గడ్డ తీసేశాక రిపోర్టులో 'మార్జిన్లు క్లియర్', అంటే తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు అని రాశారు. అయినా అదే చోట మళ్లీ వచ్చింది. ల్యాబ్ పొరపాటు చేసిందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఎవరి పొరపాటూ లేకుండా కూడా ఇలా జరగవచ్చు.

తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నానబెడతారు, మైనంలో దిమ్మ కట్టిస్తారు, 5 మైక్రాన్ల పొరలు కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. అంతకంటే ముందే అంచులకు చెరగని సిరా పూస్తారు. స్లైడులో క్యాన్సర్ కణాలు సిరా గీతను తాకుతున్నాయంటే, ఒంట్లో ఇంకా మిగిలి ఉండొచ్చు.

అసలు కిటుకు ముక్కను ఎటు కోశారన్న దాంట్లో ఉంది. పురుగు పట్టిన సగం నారింజను ఊహించుకోండి. తొక్కే మన అంచు, పురుగే క్యాన్సర్. మామూలుగా దాన్ని నిలువుగా బిళ్లలు కోస్తారు. ఒక్కో బిళ్లలో తొక్క సన్నటి చారలా మాత్రమే కనిపిస్తుంది. బిళ్ల మందం 3 మిల్లీమీటర్లు, అంటే 3000 మైక్రాన్లు అనుకుందాం. అందులో మనం చూసేది 5 మైక్రాన్ల పొర. మొత్తం తొక్కలో వెయ్యికి రెండు వంతులు కూడా కాదు! పురుగు ఆ మధ్యలో ఎక్కడో తొక్కను తొలిచేసి ఉంటే స్లైడులో దొరకదు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ అనే సర్జన్ 1930లలో మొదలుపెట్టిన పద్ధతి అందుకే నాకు అంత ఇష్టం. తొక్క మొత్తాన్నీ చదునుగా పరిచి చూడటమే అది. ఇప్పుడు ముక్క పక్కల్ని కిందికి నొక్కి, అడుగుతో ఒకే మట్టానికి తెచ్చి, మంచులా గడ్డకట్టించి, ఆ అడుగు వైపు నుంచి పొర తీస్తారు. అంచు దాదాపు నూటికి నూరు శాతం కనిపిస్తుంది. సిరా రంగుల్ని బట్టి మ్యాప్ గీసుకుంటారు కాబట్టి, క్యాన్సర్ మిగిలిన చోట మాత్రమే మళ్లీ కోస్తారు. ఈలోగా పేషెంటు అక్కడే వేచి ఉంటారు.

అయితే పురుగు దారి తెగకుండా సాగితేనే ఈ పద్ధతిని నమ్మగలం. బేసల్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా అలాగే పాకుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే మెలనోమా అనే క్యాన్సర్ వేరు. గడ్డకట్టించిన పొరల్లో దాని కణాలను గుర్తుపట్టడం కష్టం కాబట్టి, ఆ కణాలను పట్టి చూపే మార్ట్-1 లాంటి ప్రత్యేక స్టెయిన్ (రంగు) వేస్తారు, లేదా మైనం దిమ్మలతోనే నిదానంగా చూస్తారు. పైగా మెలనోమా ఎంత లోతుకు దిగిందో కొలవాలి. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు చూపించిన ఆ కొలత, చర్మం పైభాగంలోని గ్రాన్యులర్ పొర నుంచి అన్నిటికంటే లోతున ఉన్న క్యాన్సర్ కణం దాకా తీస్తారు. పరిచిన తొక్కలో ఆ లోతు తెలియదు. దానికి నిలువు కోతే కావాలి.