‘మృతుడితో సంబంధం’ అనే గడి

కొడుకు పోయాడు. తల్లిదండ్రులు, మేనమామలు వచ్చారు. పన్నెండేళ్లు అతని ప్రేమలో, ఒకే ఇంట్లో తోడుగా బతికిన మగమనిషిని మాత్రం ‘స్నేహితుడు’ అని చెప్పి పాడె దగ్గరికి రానివ్వలేదు. ఈ సన్నివేశం ఉన్న సినిమా మీద విజయనగరంలో మళ్లీ వాదన రాజుకుంది. కన్నవాళ్ల పక్షాన చెప్పేది క్లుప్తం: కొరివి ఇంటిపేరుతో, గోత్రంతో నడిచే తంతు, బయటివాళ్లకు అందులో పనిలేదు.

స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ కథ అందరూ విన్నదే. 2018 సెప్టెంబరు 6తో ఆ ప్రేమ నేరం కాకుండా పోయింది. నా లెక్కలో నేటి గొడవకు మూలం 2023 అక్టోబరు 17. స్వలింగ వివాహానికి రాజ్యాంగపరమైన హక్కు లేదని సుప్రీంకోర్టు ఆ రోజు తేల్చింది. రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా వంటి రోజువారీ ఇబ్బందులను కేబినెట్ కార్యదర్శి నేతృత్వంలోని కమిటీ చూస్తుందని కేంద్రం ఇచ్చిన మాటను నమోదు చేసుకుంది. పెళ్లి దగ్గర తలుపు మూసుకోవడంతో శవం సంగతి కూడా ఆ కమిటీ గుమ్మం ముందుకే చేరింది.

2024 ఆగస్టులో కేంద్రం నుంచి రెండు సూచనలు వచ్చాయి. ఉమ్మడి ఖాతా తెరవడానికి, తోడును నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని ఆర్థిక శాఖ చెప్పింది. భౌతికకాయాన్ని తోడుకు అప్పగించే ఏర్పాట్లు చూడాలని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది, కానీ ఒక షరతుతో: ‘దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు’. కన్నవాళ్లు ఎదురుగా ఉన్నా నామినీకి బ్యాంకు డబ్బు ఇస్తుంది. శవం దగ్గర ఆ లెక్క చెల్లదు.

మార్చురీ బయట ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. అనుమానాస్పద మరణమైతే పోలీసులు శవపంచనామా రాస్తారు. పోస్టుమార్టం అయ్యాక శవాన్ని అప్పగించి సంతకం తీసుకుంటారు. సంతకం పెట్టేవాడు పేరు, ఊరు, మృతుడితో సంబంధం చెప్పాలి. ‘తండ్రి’ అన్నవాడిని ఎవరూ రెండో మాట అడగరు. పన్నెండేళ్ల తోడు అక్కడ ఏ మాట చెప్పాలి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస పోయిన మనిషి చెన్నైలోనో హైదరాబాదులోనో ఎవరితో బతికాడో ఇంటికి తెలిసేది చాలాసార్లు శవంతో పాటే.

నెత్తుటి బంధువులను దాటి బయటివాడికి చోటిచ్చే కథ మన నేలది కాదనేవాళ్లు విజయనగరంలోని పైడితల్లి గుడి ముందు నుంచే నడిచి వెళ్తుంటారు. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజు కూలాడని విని ప్రాణం విడిచిన ఆడపడుచే ఆ తల్లి అని ఐతిహ్యం. పెద్దచెరువులో తన ప్రతిమ ఉందన్న కబురు ఆమె కోటలోని నెత్తుటి బంధువులకు చెప్పలేదు, పతివాడ అప్పలనాయుడికి చెప్పింది. తొలి పూజారీ ఆయనే.

2023 తీర్పు తర్వాత కోర్టులు కొంత కదిలాయి. మేజరైన ఇద్దరు మహిళలు కలిసి బతకడంలో తల్లిదండ్రులు తలదూర్చరాదని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కుటుంబం పెళ్లితోనే ఏర్పడనక్కర్లేదని, మనం ఎంచుకున్న కుటుంబమూ కుటుంబమేనని 2025 మేలో మద్రాసు హైకోర్టు అంది. రెండూ బతికున్నవాళ్ల కేసులే. 2023 తీర్పుపై వేసిన పునఃపరిశీలన పిటిషన్లను సుప్రీంకోర్టు 2025 జనవరిలో కొట్టేసింది. సినిమాలోని ఆ తోడు ఆరోగ్య శాఖ లేఖ చేత పట్టుకుని వచ్చినా, తండ్రి గేటు దగ్గర నిలబడి ఉన్నంతసేపు అది చెల్లదు.