రూపాయికి సమానమైన నోటుకు రూపాయి కరువు

2012 మార్చిలో భూటాన్‌లో ఇళ్ల నిర్మాణానికీ, వాహనాల కొనుగోలుకూ బ్యాంకు అప్పులు ఆగిపోయాయి. కారణం, దేశంలో భారత రూపాయలు నిండుకోవడం. అక్కడి కరెన్సీ ఙుల్ట్రమ్ విలువ సరిగ్గా ఒక రూపాయి. దుకాణంలో ఏది ఇచ్చినా తీసుకుంటారు. కాకపోతే ఙుల్ట్రమ్‌ను తామే జారీ చేసుకోవచ్చు, రూపాయిని మాత్రం సంపాదించుకోవాలి.

ఈ లెక్కల మొదలు పాతది. 1865లో యుద్ధంలో ఓడి, కొండల దిగువన సారవంతమైన దువార్ మైదానాలను బ్రిటిష్‌వారికి వదులుకున్నందుకు భూటాన్‌కు దక్కింది ఏటా 50 వేల రూపాయలు. 1910లో అది లక్ష అయింది, 1949 ఒప్పందంతో స్వతంత్ర భారత్ 5 లక్షలు చేసింది. అయినా అప్పటికి భూటాన్ వ్యాపారం చాలావరకు టిబెట్‌తోనే: బియ్యం అటు వెళ్లేది, ఉప్పూ ఉన్నీ ఇటు వచ్చేవి. 1958లో నెహ్రూ భూటాన్‌లోని పారో వెళ్లడానికి టిబెట్‌లోని చుంబీ లోయ గుండా వెళ్లవలసి వచ్చింది. టిబెట్‌లో చైనా పట్టు బిగిసి ఉత్తర సరిహద్దు మూతపడ్డాక భూటాన్ ముఖం దక్షిణానికి తిరిగింది. 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక, సరిహద్దు పట్టణం ఫుంట్‌షోలింగ్ నుంచి కొండలెక్కే రోడ్డు, రెండూ భారత్ డబ్బుతోనే మొదలయ్యాయి.

1974లో ఙుల్ట్రమ్ వచ్చింది. అదే ఏడాది భారత్‌తో 336 మెగావాట్ల చుఖా జలవిద్యుత్ ఒప్పందం కుదిరింది: 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. భూటాన్‌కు నిజంగా కలిసొచ్చిన బేరం అది. 2019లో పూర్తయిన మాంగ్దెఛూ జలవిద్యుత్ ప్రాజెక్టు నాటికి గ్రాంటు 30 శాతానికి దిగింది, మిగతా 70 శాతం పది శాతం వడ్డీకి అప్పు.

చిక్కంతా ఇక్కడే. ప్రాజెక్టు కోసం వచ్చిన రూపాయలు సిమెంటు, ఉక్కు, యంత్రాలు, కూలీల జీతాల రూపంలో మళ్లీ భారత్‌కే చేరతాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే జనం కొనే కారు, పెట్రోలు, బియ్యం వచ్చేదీ అక్కడి నుంచే. వేసవిలో నదులు పొంగితే కరెంటు అమ్ముతారు, చలికాలంలో అవి చిక్కిపోతే తిరిగి కొంటారు.

2013 జులైలో, భూటాన్ ఎన్నికల తుది విడత పోలింగుకు కొద్ది రోజుల ముందు, ఆ దేశానికి ఇస్తున్న వంటగ్యాసు, కిరోసిన్ రాయితీని భారత్ ఆపేసింది. భూటాన్ పంచవర్ష ప్రణాళిక కాలం ముగిసింది కాబట్టి గడువు తీరిందన్నది ఢిల్లీ వివరణ. కాగితం మీద సరే, సిలిండర్ కొనే ఇల్లాలికి ఆ వివరణ ఎందుకు? పాలక పక్షం ఓడిపోయింది. దానివల్లే అని చెప్పలేం గాని, కొత్త ప్రభుత్వం రాగానే రాయితీ తిరిగొచ్చింది.