స్నేహితురాలికి ఏ పుస్తకం ఇవ్వాలి?

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మీ స్నేహితురాలికి చదువుకోవడానికి ఏ పుస్తకాలు ఇస్తే మంచిదని మీరంతా కలిసి అడిగారు. అడగడం మంచిదయింది. తిండి విషయంలో మనసుకు జబ్బు చేసి కోలుకుంటున్నవాళ్లకు మేలు చేసే పుస్తకాలతో పాటు కీడు చేసేవీ ఉంటాయి. ఆమె కూడా ఈ ఉత్తరం చదువుతుందనే తలంపుతోనే రాస్తున్నాను.

వైద్యులు ఈటింగ్ డిజార్డర్లు అని పిలిచే ఈ జబ్బుల్లో రకాలున్నాయి. తిండి బాగా తగ్గించేసి, ఎంత చిక్కిపోయినా ఇంకా లావుగానే ఉన్నామని భయపడే అనోరెక్సియాకు ఆ పేరు 1873లో లండన్ వైద్యుడు విలియమ్ గల్ పెట్టాడు. అదుపు లేకుండా తిని, ఆ తరువాత తిన్నందుకు తల్లడిల్లే బులీమియాను 1979లో జెరాల్డ్ రస్సెల్ వర్ణించాడు. కనుక ఇదంతా సెల్‌ఫోన్లు తెచ్చిన వింత అని కొందరు పెద్దలు అనే మాట సరికాదు. ఆడపిల్లలకే వస్తుందన్న మాటా సరికాదు. కండలు తేలాలని జిమ్ముల చుట్టూ తిరిగే మగపిల్లల్లోనూ ఉంటుంది, కాకపోతే వాళ్లను ఎవరూ అనుమానించరు. మన ఇళ్లలో దిష్టి తగిలిందనీ, మొండికేసిందనీ, హాస్టల్ మెస్ తిండి సహించడం లేదనీ అనుకుంటూ నెలలు గడిపేస్తారు. ఈలోగా గుండె వేగం పడిపోవడం, నెలసరి ఆగిపోవడం, ఎముకలు గుల్లబారడం దాకా వస్తుంది. ఇంతటి జబ్బుకు పుస్తకం మందు కాదు. వైద్యుడి పర్యవేక్షణ, వేళకు భోజనం, పక్కన కూర్చుని తినిపించే ఇంటివాళ్లు ముందుండాలి. పుస్తకం వాళ్ల వెనక నడుస్తుంది.

వెనకనైనా దానికి చోటు ఎందుకుందో తెలియాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, కరువు బారిన పడిన ప్రజలకు మళ్లీ బలం ఎలా చేకూర్చాలో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోదన్న యువకుల్లో 36 మంది తమంతట తాము ముందుకు వచ్చి, దాదాపు ఆరు నెలల పాటు అరకడుపుతో ఉన్నారు. ఒంట్లోనూ మనసులోనూ ఏ జబ్బూ లేనివాళ్లని పరీక్షించి మరీ ఎంచుకున్న ఆ యువకులకు చదువుల మీద, రాజకీయాల మీద, ప్రేమల మీద ఆసక్తి క్రమంగా సన్నగిల్లిపోయింది; వంటల పుస్తకాలు మాత్రం కొందరు గంటల తరబడి చదివారు, పోగుచేసుకున్నారు కూడా. ఆకలి వాళ్ల చదువును సైతం తనవైపు తిప్పేసుకుంది. మీ స్నేహితురాలు ముద్ద ముట్టకుండానే ఫోనులో వంటల వీడియోలు చూస్తూ కూర్చునేదని మీరు ఆశ్చర్యపోతూ చెప్పారు కదా, అది నటన కాదు. తిండి సరిగా పడడం మొదలైన తరువాతే మనసులో కాస్త చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటులోకి మళ్లీ పాత ఆలోచనలే వచ్చి చేరకుండా వేరే మనుషులను, వేరే ఊళ్లను తెచ్చిపెట్టడం పుస్తకం చేయగలిగిన పని.

అందుకే, ఇదే జబ్బుతో పోరాడి గెలిచిన అమ్మాయి కథ ఇస్తే ధైర్యం వస్తుందని మీలో ఒకరు చేసిన సూచనను నేను ఒప్పుకోను. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు ఎమిలీ ట్రోసియాంకో, బీట్ అనే బ్రిటిష్ స్వచ్ఛంద సంస్థతో కలిసి 885 మందిని ప్రశ్నించి 2018లో ప్రచురించిన పరిశీలనలో తేలినది మనం ఊహించేదానికి తలకిందులుగా ఉంది. ఈ జబ్బు చుట్టూ అల్లిన కథలు చదివాక మనసు కుంగిందనీ, తమ శరీరం మీద ఏవగింపు పెరిగిందనీ చాలామంది చెప్పారు. ఇంకా చిక్కిపోవడానికి పంతం తెచ్చుకోవాలని అటువంటి పుస్తకాలను కోరి చదివామన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇష్టమైన మరో రకం కథలు మాత్రం మేలు చేశాయి, లేదా కనీసం కీడు చేయలేదు. ఇవి చదివినవాళ్లు తమ గురించి తాము చెప్పిన మాటలే గాని మందును పరీక్షించినట్టు పరీక్షించి తేల్చినవి కావు. అయినా జాగ్రత్తపడడానికి ఈపాటి చాలు. గెలిచిన కథలోనూ ఆ అమ్మాయి ఎంత బరువు తగ్గిందో, ఏమేం మానేసిందో రాసి ఉంటుంది. జబ్బుగా ఉన్న కన్ను ముందు అక్కడే ఆగుతుంది.

ఆమెకు ఏది ఇష్టమో అది ఇవ్వండి. అపరాధ పరిశోధన నవల కావచ్చు, జానపద కథల సంపుటి కావచ్చు, యాత్రా చరిత్ర కావచ్చు. మొదట్లో మనసు నిలవదు కాబట్టి పెద్ద నవల కన్నా నాలుగైదు పేజీల్లో ముగిసే కథ నయం. కథలో పెళ్లి భోజనం వచ్చిందని ఆ పుస్తకాన్ని పక్కన పెట్టనక్కరలేదు. విస్తరి వేయని తెలుగు కథల కోసం వెతకడం మొదలుపెడితే మన చేతికి మిగిలేవి కొన్నే. నలుగురు కూర్చుని మామూలుగా తినడం కథలో ఎదురైతే మంచిదే. నాకు అభ్యంతరం సన్నదనాన్ని గొప్ప చేసే రాతల మీద. నాయిక నడుము అసలు ఉన్నదా లేదా అని సందేహించిన మన ప్రబంధ కవుల చమత్కారాన్ని తెలుగు క్లాసులో మీరు నవ్వుకుంటూ చదివే ఉంటారు. చదవండి, తప్పులేదు, కాని ఆమెకు మాత్రం ఈ ఏడాది ఆ పద్యాలు వద్దు.

ఇక రాయడం గురించి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో, కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున తమ మనసును కలచివేసిన సంఘటనలను రాశారు. రాసిన వెంటనే దిగులు పెరిగినా, సంఘటనతో పాటు దాని వెనక ఉన్న బాధను కూడా రాసినవాళ్లు తరువాతి నెలల్లో వైద్యుడి దగ్గరకు తక్కువసార్లు వెళ్లారు. తరువాతి పరిశోధనల్లో ఫలితాలు ఒకే తీరుగా రాలేదు కాబట్టి దీన్ని కొండంత చేసి చెప్పను. వెంటనే దిగులు పెరుగుతుందన్న మాటను మాత్రం గుర్తుంచుకోండి. రాసిన పూట ఆమెను ఒంటరిగా వదలకూడదు.

నాకు ఇంతకన్నా నచ్చింది మరొకటి ఉంది. లండన్‌లో జానెట్ ట్రెజర్ అనే మానసిక వైద్యురాలి బృందం అనోరెక్సియా ఉన్నవాళ్ల చేత జబ్బుకే రెండు ఉత్తరాలు రాయించింది. మొదటిది జబ్బును స్నేహితురాలిగా, రెండవది శత్రువుగా భావించి రాయాలి. ఆ పరిశీలన 1999లో అచ్చయింది. మొదటి ఉత్తరంలో, నువ్వు నన్ను కాపాడుతున్నావు, నువ్వుంటే అన్నీ నా అదుపులో ఉన్నట్టు ఉంటుంది అన్న మాటలు వస్తాయి. రెండవదానిలో, నా స్నేహితులను, నా చదువును లాక్కున్నావు అన్న మాటలు వస్తాయి. పిల్ల వేరు, జబ్బు వేరు అని ఆ కాగితం మీద కనబడుతుంది. కాని దీన్ని మీరు చేయించకండి. వైద్యం చేసేవారు పక్కన ఉండి చేయించవలసినది. మీరు చేయగలిగినది తేలికైనది. బందరు కాలువ గట్టునో, బస్టాండులోనో కనబడిన ఒక కొత్త మనిషిని తీసుకుని తలా ఒక పేరా రాస్తూ కథను ఆమె దగ్గరకు చేర్చండి, తరువాతి పేరా ఆమెను రాయమనండి. అందులో బరువులు, కొలతలు, క్యాలరీల అంకెలు రానివ్వకూడదన్నది ఒక్కటే నియమం. తిన్నది రాసుకునే నోటు పుస్తకం చికిత్సలో భాగంగా వైద్యులు ఇస్తే అది వాళ్లకూ ఆమెకూ మధ్య ఉండేది, దాన్ని మీరు తెరవవద్దు.

ఆమె రాసినదాన్ని దిద్దవద్దు, ఇమ్మని అడగవద్దు. ముఖం కళకళలాడుతోంది, కాస్త ఒళ్లు చేశావు అని ప్రేమగా అన్నా ఆమెకు అది వేరే విధంగా వినబడుతుంది కాబట్టి, రూపం గురించి మంచిమాట కూడా కొన్నాళ్లు మానుకోండి. మాటల్లో గాని, రాతలో గాని బతకాలని లేదన్న సూచన కనబడితే రహస్యం కాపాడుతామన్న ఒట్టును పక్కన పెట్టి, ఆ క్షణమే వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి. మనసు బాధల్లో ఉన్నవాళ్లకు సాయం చేయడానికి ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వచ్చే ఆదివారం లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణాలకు వెళతామన్నారు. వాళ్లమ్మగారిని అడిగి, భోజనాలయ్యాక ఆమెనూ వెంట తీసుకువెళ్లండి, పుస్తకం ఆమెనే ఏరుకోనివ్వండి. ఎంత దూరం నడవవచ్చో డాక్టరుగారు చెప్పేదాకా రానూపోనూ ఆటోలోనే తీసుకువెళ్లండి.

ఆశీస్సులతో,
మీ మామ్మ